వానలు తగ్గాక తోటలో ఏం చేయాలి: ఆశ్వయుజ, కార్తిక మాసాల పెరటి, మిద్దెతోట పనులు

దసరా దగ్గర పడుతుండగా తోట పెంచేవాళ్ళ నుంచి ఏటా ఒకటే ప్రశ్న వస్తుంది: "శీతాకాలం విత్తనాలు ఇప్పుడే వేసేయవచ్చా?" వేయవచ్చు, కానీ విత్తనం ఈ కాలపు మొదటి పని కాదు. నాలుగు నెలల వానకు మట్టి గట్టిపడి ఉంటుంది, కుండీల అడుగు రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి, ఎండ పడే చోటు కూడా మారిపోయి ఉంటుంది. వీటిని సరిచేయకుండా వేసిన విత్తనం మొలిచినా ఎదగదు. కాబట్టి కింద ఇచ్చిన వరుసను వీలైనంత వరకు తప్పకండి.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. శరదృతువులో తోట పనులంటూ ఇంటర్నెట్‌లో కనిపించే జాబితాల్లో ఎక్కువ భాగం చలిదేశాలకు చెందినవి. రాలిన ఆకులు ఊడ్వడం, దుంపలు తవ్వి దాచడం, మంచు పడకుండా మొక్కలకు ముసుగు వేయడం అక్కడి అవసరాలు. మన దగ్గర వేప, టేకు వంటి చెట్లు ఆకు రాల్చేది సంక్రాంతి దాటాక, శిశిరంలో. అక్కడ తోట మూసే కాలం మనకు తోట తెరిచే కాలం.

తెలుగు ప్రాంతమంతటికీ ఒకే తేదీ కూడా పనికిరాదు. తెలంగాణలో నైరుతి వానలు సాధారణంగా అక్టోబరు మధ్యకల్లా వెనుదిరుగుతాయి కనుక చిత్త కార్తె నడుస్తుండగానే పని మొదలుపెట్టవచ్చు. కోస్తా, రాయలసీమల్లో ఈశాన్య వానలు ఆ తరవాతే అందుకుంటాయి, నెల్లూరు, తిరుపతి వైపు నవంబరులోనూ గట్టిగా కురుస్తాయి. కోస్తాకు తుఫాను భయం కూడా ఈ నెలల్లోనే ఎక్కువ. విశాఖను హుద్‌హుద్ తాకింది 2014 అక్టోబరు 12న, పలాస ప్రాంతాన్ని తిత్లీ తాకింది 2018 అక్టోబరు 11న. అందుచేత కోస్తావారు నారు మాత్రం నీడపట్టున సిద్ధం చేసుకొని, నేలలో నాటడాన్ని వాన తెరిపి ఇచ్చేదాకా ఆపుకోవడం మేలు.

కావలసినవి

చిన్న పార, తొలిక, కొమ్మలు కత్తిరించే పదునైన కత్తెర, ఒక పొడవాటి ఇనుప చువ్వ, వెదురు కర్రలు, పురికొస. బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు), కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), ముతక ఇసుక, వేపపిండి. ట్రైకోడెర్మా పొడి (తెగుళ్ళ శిలీంధ్రాలను అణిచే మేలు శిలీంధ్రం), వేపనూనె, కాపర్ ఆక్సీక్లోరైడ్ (శిలీంధ్రాలను చంపే రాగి మందు). ఈ చివరిదాన్ని రసాయనం వద్దనుకునేవారు వదిలేయవచ్చు, కానీ గులాబీ కొమ్మలు కత్తిరించేవారి దగ్గర కాస్త ఉండటం మంచిది. కొత్త విత్తనాలు కావాలి. నిరుటి పొట్లంలో మిగిలినవి ఉంటే పది గింజలను తడిగుడ్డలో చుట్టి పెట్టి, ఏడింటికి తక్కువ మొలిస్తే పొట్లం పక్కన పెట్టండి.

1. నీరు పోయే దారి చూడండి

ప్రతి కుండీలోనూ అంచు దాకా నీళ్ళు పోసి గమనించండి. కొద్ది నిమిషాల్లో నీరు కిందికి దిగి అడుగు నుంచి కారాలి. పైన నిలిచి ఉంటే కుండీని పక్కకు వంచి, అడుగు రంధ్రంలోకి చువ్వ పోనిచ్చి, అడ్డుపడిన వేళ్ళను, మట్టిని తొలగించండి. నేరుగా మేడ గచ్చు మీద ఆనించిన కుండీలను ఇటుక ముక్కల మీదికో ఇనుప స్టాండ్ల మీదికో ఎత్తండి. వాన నీరు పోయే గొట్టాల మూతి దగ్గర చేరిన ఆకులు, మట్టి తీసేయండి, గచ్చు మీద పాకుడు ఉంటే గీకేయండి. పెరటి నేలలో నీరు నిలిచే చోట మడులు కట్టవద్దు. అక్కడ జానెడు ఎత్తున బోదెలు తోలి వాటి మీద నాటుకోవాలి.

2. పాత మొక్కల్లో ఏది తీయాలో తేల్చుకోండి

బీర, సొర, దోస తీగలు ఈపాటికి ముదిరి ఉంటాయి, రాత్రులు చల్లబడ్డాక వాటి కాపు తగ్గిపోతుంది. విత్తనానికి ఒకటి రెండు కాయలు తీగకే ఎండనిచ్చి, మిగతా తీగను తీసేయండి. కంద ఆకులు పూర్తిగా పండి వాలిపోయాకే తవ్వండి. పసుపు, అల్లం జోలికి ఇప్పుడు పోవద్దు, వాటి దుంప ఇంకా ఊరుతూ ఉంటుంది. చిక్కుడు తీగను తీయడం మాత్రం పెద్ద పొరపాటు. వానాకాలమంతా ఆకులే పెట్టిందని విసుగెత్తి పీకేసేవాళ్ళు ఉన్నారు. పాదు చిక్కుడు పగటి పొద్దు తగ్గితేనే పూతకు వస్తుంది, దాని కాలం ఇప్పుడే మొదలవుతుంది.

తీసే ప్రతి మొక్క వేళ్ళనూ చూడండి. టమాటా, బెండ, వంగ వేళ్ళ మీద బుడిపెలు ఉండి, గోటితో గీకినా ఊడకుండా వేరులో భాగంగానే ఉంటే అవి నులిపురుగుల వల్ల వచ్చినవి. ఆ మట్టిలో ఈ ఏడు మళ్ళీ ఆ జాతి మొక్కలు వేయకుండా బంతి వేసుకోండి. చిక్కుడు, బీన్స్ వేళ్ళ మీది బుడిపెలు వేరు. అవి తాకితే ఊడివస్తాయి, చిదిమితే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. అవి నత్రజనిని పట్టి ఉంచే మేలు బుడిపెలు, ఆ వేళ్ళను మట్టిలోనే వదిలేయండి.

3. మట్టిని మళ్ళీ సిద్ధం చేయండి

ఈ కాలపు పనిలో సగం ఇదే. ఖాళీ అయిన కుండీల మట్టిని గోనె పట్టా మీద పలుచగా పరచి, గడ్డలు చిదిపి, మూడు నాలుగు రోజులు ఎండనివ్వండి. తుంగగడ్డలు కనిపిస్తే ఒక్కటి కూడా మిగలకుండా ఏరేయండి, వాటిని కంపోస్టు గుంతలో వేయవద్దు. పాలిథిన్ కప్పి మట్టిని వేడెక్కించే పద్ధతి వేసవి ఎండల్లో పనిచేస్తుంది గాని, ఇప్పటి ఎండ దానికి చాలదు.

ఎండిన పాత మట్టి రెండు పాళ్ళు, చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు ఒక పాలు, కోకోపీట్ అర పాలు కలపండి. పన్నెండు అంగుళాల కుండీకి గుప్పెడు వేపపిండి చేర్చండి. వాన ఇంకా ఉన్న ప్రాంతాల్లో కోకోపీట్ తగ్గించి ఆ మేరకు ముతక ఇసుక వేసుకోవాలి, లేకపోతే కుండీ వారాల తరబడి తడిగానే ఉంటుంది. సముద్రతీరపు ఇసుక వాడవద్దు, దానిలో ఉప్పు ఉంటుంది. నల్లరేగడి ఒక్కటే కుండీలో నింపడం కూడా మంచిది కాదు, తడిస్తే జిగురవుతుంది, ఆరితే పగుళ్ళు తీస్తుంది. కోకోపీట్ దిమ్మెను నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ నీరు పారబోసి, మళ్ళీ ఒకసారి అలాగే చేస్తే అందులోని ఉప్పు చాలావరకు పోతుంది. ఈ పని విసుగ్గా ఉంటుంది, కానీ నారు అంచులు మాడిపోవడానికి కడగని కోకోపీట్ తరచూ కారణమవుతుంది.

ట్రైకోడెర్మాను నేరుగా చల్లడం కంటే ఎరువులో పెంచి వాడటం మేలు. కిలో చివికిన ఎరువుకు ఇరవై గ్రాముల పొడి, కాస్త వేపపిండి కలిపి, తేమగా ఉంచి, తడి గోనె కప్పి వారం రోజులు నీడలో ఉంచండి. తరవాత కుండీకి ఒకటి రెండు గుప్పెళ్ళ చొప్పున కలపండి. దీన్ని వేసిన మట్టిలో కాపర్ మందు పోయవద్దు, ఆ మందుకు మంచి శిలీంధ్రం, చెడ్డ శిలీంధ్రం అనే తేడా తెలియదు.

చవితి మట్టి వినాయకుణ్ణి ఇంట్లోనే నిమజ్జనం చేసి ఉంటే ఆ మట్టిని ఇందులో కలుపుకోవచ్చు. రంగులు పూసిన విగ్రహమైనా, ప్లాస్టర్ విగ్రహమైనా దాని అవశేషాలు తోటలోకి రానివ్వవద్దు. దసరా పూలదండలను కంపోస్టులో వేసేముందు దారాలు, జరీ కాగితాలు తీసేయాలి.

ఎరువు చివికిందో లేదో అనుమానంగా ఉంటే గుప్పెడు తడిపి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి రెండు రోజులు ఉంచండి. విప్పినప్పుడు వేడి, ఘాటైన వాసన తగిలితే అది ఇంకా పచ్చిగానే ఉంది. మొత్తం మిశ్రమాన్ని పరీక్షించడానికి మెంతులు చాలు. ఒక చిన్న డబ్బాలో ఆ మట్టి నింపి ఇరవై మెంతులు చల్లండి. ఐదు రోజుల్లో ఎక్కువ భాగం పచ్చగా మొలిస్తే మట్టి సిద్ధమైనట్టే. మొలకలు కొసల్లో మాడినా, సగం కూడా రాకపోయినా ఆ మిశ్రమాన్ని మరో రెండు వారాలు తడుపుతూ మాగనివ్వండి.

ఉన్న మొక్కల ఆకులు పసుపెక్కితే వెంటనే యూరియా వేయడం చాలామందికి అలవాటు. వానకు నత్రజని కొట్టుకుపోతే ముదురు ఆకులు అడుగు నుంచి పసుపెక్కుతాయి, నిజమే. కానీ వేళ్ళు కుళ్ళినా ఆకులు పసుపెక్కుతాయి. కుండీ అంచున వేలితో తవ్వి ఒక వేరు చూడండి. తెల్లగా, గట్టిగా ఉంటే వర్మీకంపోస్టు రెండు గుప్పెళ్ళు వేసి పైమట్టి గుల్ల చేస్తే సరిపోతుంది. గోధుమ రంగులో జారుడుగా ఉంటే ఏ ఎరువూ వేయవద్దు, నీళ్ళు ఆపి, మట్టి ఆరాక ఎండిన కొమ్మలు తీసి, కొత్త మట్టిలోకి మార్చండి.

4. ఎండ ఎక్కడ పడుతుందో గుర్తించండి

ఇది దక్షిణాయనం. సూర్యుడు రోజురోజుకూ దక్షిణానికి వాలుతుంటాడు కనుక దక్షిణపు పిట్టగోడ నీడ మేడ లోపలికి జరుగుతూ వస్తుంది. హైదరాబాదు అక్షాంశంలో డిసెంబరు మధ్యాహ్నం మూడడుగుల గోడ నీడ సుమారు రెండున్నర అడుగులు ఉంటుంది, ఉదయం, సాయంత్రం ఇంకా పొడవు. వేసవిలో ఎండ తగిలిందని ఆ గోడ పక్కనే టమాటా నాటితే డిసెంబరుకు అది నీడలో మిగిలిపోతుంది. గోడ వారన పాలకూర, పుదీనా, కొత్తిమీర పెట్టండి. టమాటా, మిరప, క్యాబేజీలను కనీసం ఐదారు గంటల ఎండ తగిలే నడిమి భాగానికి లేదా ఉత్తరపు వైపుకు జరపండి.

5. విత్తండి, నారు పోయండి

విత్తనాలు రెండు రకాలు: ఉన్నచోటే వేయవలసినవి, నారు పోసి నాటవలసినవి. ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్, ఆకుకూరలు, బీన్స్ మొదటి రకం. క్యారెట్ నారును పీకి నాటితే వేరు వంకరలు పోతుంది. టమాటా, వంగ, మిరప, క్యాబేజీ, కాలీఫ్లవర్ రెండో రకం.

ధనియాలను చెక్క మీద వేసి మెత్తగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లండి. పొడి అయ్యేంతగా నలపవద్దు. రెండు వారాల దాకా మొలకలు రాకపోయినా కంగారు పడనవసరం లేదు. మెంతి మూడు నాలుగు రోజుల్లో మొలిచి నెల లోపే కోతకు వస్తుంది. పాలకూరకు నెల పడుతుంది. ముల్లంగిని రెండు మూడు అంగుళాలకు ఒకటి ఉండేలా పలుచన చేయాలి. పీకడానికి మనసు ఒప్పక అన్నీ ఉంచేస్తే ఆకులే వస్తాయి, గడ్డ ఊరదు. పీకిన లేత మొక్కలు పప్పులోకి పనికివస్తాయి. బీట్‌రూట్ గింజ అనుకునేది నిజానికి కొన్ని గింజల ముద్ద, ఒక్కోదానికి రెండు మూడు మొలకలు వస్తాయి, బలమైన ఒక్కదాన్నే ఉంచండి. క్యారెట్‌కు అడుగు లోతున గుల్ల మట్టి కావాలి, రాళ్ళు, చివకని ఎరువు తగిలితే గడ్డ చీలి కాళ్ళు వేస్తుంది.

నారును ట్రేలో గాని, వెడల్పాటి తొట్టిలో గాని పలుచగా పోసి, సన్నని మట్టి పొర కప్పి, తడి గోనె పరచండి. మొదటి మొలక కనబడగానే గోనె తీసేయాలి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు తెల్లగా, సన్నగా సాగిపోతాయి. మొదళ్ళు నీరుపట్టి నారు గుంపులుగా పడిపోతుంటే అది నారుకుళ్ళు తెగులు. నీళ్ళు తగ్గించి, గాలి తగలనిచ్చి, లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళ దగ్గర పోయండి. ఆ తొట్టిలో అంతకుముందు ట్రైకోడెర్మా వేసి ఉంటే అది పోయినట్టే లెక్క. టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు ఇరవై ఐదు నుంచి ముప్పై రోజులకు, మిరప నారు ఆరు వారాలకు నాటడానికి వస్తుంది. టమాటాను కింది ఆకుల దాకా లోతుగా నాటితే కాండం నుంచి కూడా వేళ్ళు పుడతాయి, క్యాబేజీని అంత లోతుగా నాటవద్దు.

నిరాశ ఎక్కువగా కలిగించేది కాలీఫ్లవర్. దీనిలో తొలి, మధ్య, ఆలస్యపు రకాలు ఉన్నాయి, ఒక్కోదానికి పువ్వు కట్టడానికి కావలసిన చల్లదనం వేరు. వెచ్చగా ఉండే కోస్తాలో ఆలస్యపు రకం వేస్తే ఆకులు పెరుగుతూనే ఉంటాయి, పువ్వు కట్టదు. తొలి రకాన్ని చలిలో వేసినా, ముదిరిపోయిన నారును నాటినా గుండీ అంత పువ్వు కట్టి అక్కడితో ఆగిపోతుంది. పొట్లం మీద రకం, విత్తే నెలలు రాసి లేకపోతే కొనవద్దు. మొదటిసారి శీతాకాలపు కూరలు వేసేవారికి నా సలహా క్యాబేజీ, ముల్లంగి. బఠాణీ తెలంగాణలో నవంబరులో వేస్తే కొంత కాస్తుంది గాని, కోస్తాలో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

సంక్రాంతికి ముంగిట్లో బంతిపూలు కావాలంటే అక్టోబరు ఆఖరుకల్లా విత్తనం పడాలి, ఎందుకంటే విత్తిన నాటి నుంచి పూతకు సుమారు రెండు నెలలు పడుతుంది. బతుకమ్మకో దసరా గుమ్మానికో వాడిన ముద్దబంతిని ఎండబెట్టి గింజలు తీసి వేసుకోవచ్చు. హైబ్రిడ్ బంతి గింజలు మాత్రం తల్లి మొక్క లాంటి పూలు ఇస్తాయన్న నమ్మకం లేదు.

6. కత్తిరించవలసినవి, కత్తిరించకూడనివి

హైబ్రిడ్ గులాబీని వాన పూర్తిగా వెనకపట్టాకే కత్తిరించండి. ఎండిన, అడ్డంగా పెరిగిన కొమ్మలు మొదలంటా తీసి, బలమైన నాలుగైదు కొమ్మలను మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించండి. బయటివైపు చూసే మొగ్గకు కాస్త పైన ఏటవాలుగా కోసి, కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయండి. తడి వాతావరణంలో ఆ ముద్ద పూయకుండా వదిలేస్తే కొమ్మ పైనుంచి నల్లబడుతూ కిందికి ఎండుతుంది. ఆరు ఏడు వారాల్లో పూలు వస్తాయి. నాటు గులాబీకి, తీగ గులాబీకి ఇంత కోత అక్కరలేదు, ఎండు పుల్లలు తీస్తే చాలు.

మల్లెను ఇప్పుడే కోయకండి. నవంబరు చివరి నుంచి నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, నేల నుంచి మూరెడు ఎత్తుకు కత్తిరిస్తే వేసవి మొదట్లో పూత బాగుంటుంది.

చామంతి కొసలు తుంచే కాలం దాటిపోయింది. ఇప్పుడు తుంచితే మొగ్గలే పోతాయి. కర్ర పాతి కట్టండి. మొక్క బాగున్నా మొగ్గ వేయకపోతే రాత్రిపూట దాని మీద వీధి దీపమో వరండా దీపమో పడుతోందేమో చూడండి. రాత్రి పొడవుగా, చీకటిగా ఉంటేనే చామంతికి మొగ్గ వస్తుంది.

మామిడి కొమ్మలను ఈ నెలల్లో కత్తిరించడం వచ్చే కాపును పోగొట్టుకోవడమే. ముదిరిన కొమ్మకే పూత వస్తుంది, ఇప్పుడు కోస్తే లేత చిగురు పుడుతుంది. కాపుకొచ్చిన చెట్టుకు వానలు ఆగాక నీళ్ళు, ఎరువు కూడా ఆపి, పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్ళీ మొదలుపెట్టండి. మూడేళ్ళ లోపు మొక్కలకు, కుండీలోని మామిడికి ఈ నియమం పెట్టవద్దు, అవి ఎండిపోతాయి.

7. తులసి కోట

కార్తికంలో తులసి చనిపోయిందని బాధపడేవాళ్ళు ఎక్కువ. కారణాలు చాలావరకు పూజలోనే ఉంటాయి. ప్రమిదను మొక్క మొదట్లో పెట్టడం వల్ల కాండం వేడికి కమిలిపోతుంది. నూనె, పాలు, పసుపు, కుంకుమ మట్టిలో చేరి పైపొర గట్టిపడుతుంది. దీపాన్ని కోట గూటిలోనో జానెడు దూరంలోనో పెట్టండి, అభిషేకం చేసేది పక్కన పళ్ళెంలో చేయండి. ముదిరిన వెన్నులను తుంచి ఎండబెట్టి, ఆ గింజలను ఒక చిన్న కుండీలో చల్లి ఉంచండి, క్షీరాబ్ది ద్వాదశి నాటికి తల్లి మొక్క ఎలా ఉన్నా పిల్ల మొక్కలు చేతిలో ఉంటాయి.

8. పురుగులు, తెగుళ్ళు

వానాకాలంలో పెరిగిన ఆఫ్రికా నత్తలను విత్తే ముందే తగ్గించుకోవాలి. సాయంత్రం తడి గోనె కింద బొప్పాయి ఆకులు పరచి, రాత్రి లేదా తెల్లవారుజామున అక్కడ చేరినవాటిని ఏరి ఉప్పునీటి బకెట్‌లో వేయండి. చేతికి తొడుగు తప్పనిసరి. ఉప్పును మడిలో చల్లితే నత్త కంటే ముందు మొక్క చస్తుంది.

చలి మొదలయ్యాక చిక్కుడు కొసలకు పేనుబంక పడుతుంది. తొలిరోజుల్లో గట్టి నీటిధార చాలు. తగ్గకపోతే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీరు బాగా గిలకొట్టి సాయంత్రం ఆకు అడుగున తడిసేలా పిచికారీ చేయండి. బెండ ఆకుల మీద బూడిద తెగులు కనిపిస్తే నీటిలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు వాడవచ్చు. అయితే వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం కొడితే ఆకులు మాడతాయి. క్యాబేజీ మడి చుట్టూ కొన్ని ఆవాలు చల్లుకుంటే ఆకు తినే గొంగళ్ళను పెట్టే డైమండ్ రెక్కల పురుగు ముందు ఆ ఆవ మొక్కల మీద వాలుతుంది.

9. నీళ్ళు

ఆకాశం పోసినన్నాళ్ళూ మరచిపోయిన పని ఒక్కసారిగా మన మీద పడుతుంది. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడండి, తేమ తగలకపోతేనే పోయండి. ఉదయం పోయడం మంచిది. సాయంత్రం తడిసిన ఆకులు రాత్రి మంచుతో కలిసి తెగుళ్ళను పిలుస్తాయి. మట్టి మీద ఎండుగడ్డి లేదా కొబ్బరిపీచు రెండంగుళాలు పరిస్తే నీళ్ళ పని సగం తగ్గుతుంది, కాండానికి మాత్రం తగలనివ్వకండి.

సరిగా జరిగిందో లేదో ఎలా తెలుసుకోవాలి

నవంబరు మూడో వారంలో తోటంతా ఒకసారి చూడండి. కుండీ మట్టిని పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టి, వేలితో పొడిస్తే విడిపోవాలి. నాటిన నారు పదిరోజుల్లో కొత్త ఆకు వేసి ఉండాలి, వేయకపోతే ఒక మొక్కను తవ్వి వేరు చూడండి. గులాబీ కణుపుల దగ్గర ఎర్రటి చిగుర్లు కనిపించాలి. ముల్లంగి గడ్డ భుజం మట్టి పైకి తేలుతూ ఉండాలి.

తుఫానుకో నారుకుళ్ళుకో మొదటి విడత పోయినా కాలం మించిపోలేదు. ఆకుకూరలు, ముల్లంగి డిసెంబరు దాకా ఎప్పుడైనా వేయవచ్చు. టమాటా, క్యాబేజీలకు నవంబరు నెలాఖరులోగా నర్సరీ నుంచి నారు తెచ్చి నాటుకోండి. కొనేటప్పుడు పూత వచ్చిన పొడవాటి నారును వదిలి, జానెడు లోపు ఎత్తున్న, పెన్సిల్ మందం కాండం గలవాటిని ఎంచుకోండి. కాలీఫ్లవర్ మాత్రం ఆ తరవాత వద్దు.